మూడో తరగతి పాపకి రీడింగ్ రివిజన్: బెంగళూరుకి కొత్తగా వచ్చాం, సలహా చెప్పండి

మారతహళ్ళి నుంచి, కొత్తగా చేరిన అమ్మ:

అందరికీ నమస్కారం. ఏప్రిల్ చివర్లో విజయవాడ నుంచి వచ్చాం. పాప మూడో తరగతి అయింది, జూన్‌లో నాలుగులో చేరాలి. కొత్త బడివాళ్ళు చేర్చుకునే ముందు చిన్న పరీక్ష పెట్టారు. ఇంగ్లీష్ పాసేజ్ ఎక్కడా తడుముకోకుండా చదివిందట, కింద ఆరు ప్రశ్నలుంటే రెంటికే జవాబు రాసింది. ‘కాంప్రహెన్షన్ వీక్‌గా ఉంది, సెలవుల్లో రివిజన్ చేయించండి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి’ అన్నారు. పైగా కన్నడ కూడా ఉంటుందట. అక్కడ క్లాసులో ముందుండే పిల్ల, ఇప్పుడు పుస్తకం తీయమంటే ఏడుస్తోంది. నాకు ఒకటే టెన్షన్. ట్యూషన్ పెట్టమంటారా?

జయనగర్ నుంచి:

ట్యూషన్ మాట కాస్త పక్కన పెట్టమ్మా. నేను పద్నాలుగేళ్ళుగా ఇక్కడ చిన్న క్లాసులకు ఇంగ్లీష్ చెబుతున్నాను. మనవైపు నుంచి వచ్చిన పిల్లల్లో చాలామందికి మొదటి రెండు నెలలు ఇలాగే ఉంటుంది. లోటు ఎక్కడుందో తెలియకుండా వర్క్‌షీట్లు తెచ్చి ముందు పడేస్తే, పాపకి చదువంటేనే విసుగు పుడుతుంది.

ఇవాళ ఒక పని చెయ్యి. పాప పాత పుస్తకంలోంచి తను చదవని ఒక పేజీ తీసుకుని, తనకి చూపించకుండా నువ్వే నెమ్మదిగా చదివి వినిపించు. తర్వాత కథేంటో తెలుగులో చెప్పమను. వింటే అర్థమై, తను చదివితే అర్థం కాకపోతే, శక్తంతా అక్షరాలు కూడబలుక్కోవడానికే పోతోందన్నమాట. విన్నా అర్థం కాకపోతే ఇంగ్లీష్ మాటలే తక్కువగా తెలుసు. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు దీన్ని గుణకారంగా చెప్పారు: రాసింది చూసి పలకగలగడం ఒకటి, విన్నది అర్థం కావడం ఒకటి. రెంటిలో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే.

చదివే వేగం కూడా ఫోన్‌లో టైమర్ పెట్టి ఒక్కసారి చూసుకో. మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని, చిన్న పిల్లల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో లక్ష్యం పెట్టారు. అంతకు మించి పరిగెత్తించక్కర్లేదు.

అసలు చిక్కు ప్రశ్నల దగ్గర వస్తుంది. పిల్లలు ప్రశ్నలోని మాటనే పాసేజ్‌లో వెతికి, అది దొరికిన వాక్యాన్ని ఎత్తి రాసేస్తారు. ఈ నాలుగు వాక్యాలు చూడు: ‘రవి తలుపు పక్కన గొడుగు పెట్టాడు. గచ్చంతా నీళ్ళయ్యాయి. మళ్ళీనా! అంది నానమ్మ. తుడిచే గుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళింది.’ గొడుగు ఎక్కడ పెట్టాడంటే అందరూ చెబుతారు. బయట వాన పడిందా అని అడుగు. ‘వాన అనే మాట ఇందులో లేదు కదా టీచర్’ అంటారు. గొడుగు, గచ్చు మీద నీళ్ళు, రెండూ కలిపితే వాన కనిపిస్తుందని పిల్లకి తట్టాలి. రవి ఇలా చేయడం మొదటిసారా అని అడుగు. ‘మళ్ళీనా’ అన్న ఒక్క మాటలో జవాబుంది. పాప ఏ జవాబు చెప్పినా, ఒప్పయినా తప్పయినా, ‘నీకెలా తెలిసింది? వేలు పెట్టి చూపించు’ అను. వేలు ఏ వాక్యం మీద ఆగిందో చూస్తే పాప ఏం ఆలోచించిందో నీకు తెలిసిపోతుంది. రోజుకి ఒక్క పేజీ, ఇరవై నిమిషాలు చాలు.

గ్రామర్ విడిగా వద్దు, ఆ పేజీలోదే తీసుకో. ఒక్కటి మాత్రం పట్టించుకో. ప్రశ్నలో ‘డిడ్’ ఉంటే మన పిల్లలు జవాబులోనూ ‘హి డిడ్ వెంట్’ అని రాస్తారు. జవాబులో డిడ్ తీసేసి ‘హి వెంట్’ అని రాయాలని నాలుగు రోజులు నోటితో చెప్పిస్తే పోతుంది.

బనశంకరి నుంచి:

కన్నడ గురించి భయపడకండి. కర్ణాటకలో బడుల్లో కన్నడ నేర్పాలని 2015లో చట్టం చేశారు. మీ బడిలో అది సెకండ్ లాంగ్వేజా, థర్డ్ లాంగ్వేజా అన్నది మాత్రం ముందే అడిగి కనుక్కోండి. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకి లిపిలో సగం పని అయిపోయినట్టే. గ, ర, ల లాంటివి ఇట్టే గుర్తుపడతారు. క, త మాత్రం వేరుగా ఉంటాయి, అవి నాలుగుసార్లు దిద్దించండి. మాటల్లో మా అబ్బాయికి నేర్పిన కిటుకు ఒకటుంది. మన ‘ప’ అక్కడ చాలాచోట్ల ‘హ’ అవుతుంది: పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పది హత్తు. మీరుండే మారతహళ్ళిలో హళ్ళి కూడా మన పల్లే. బస్సులో వెళ్తూ బోర్డుల మీద ఇలాంటివి వెతకడం వాడికి ఆట అయిపోయింది. అన్ని మాటలూ అలా కలవవు. ‘మాడు’ అంటే అక్కడ ‘చెయ్యి’ అని. టీచర్ ‘హోంవర్క్ మాడు’ అన్నారని, అన్నం మాడుతుంది కానీ హోంవర్క్ ఎలా మాడుతుంది నాన్నా అని అడిగాడు.

మారతహళ్ళి నుంచి, కొత్తగా చేరిన అమ్మ:

అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. ఇంగ్లీష్‌లో చదివి వినిపిస్తే బిక్కమొహం వేసింది. గొడుగు కథ తెలుగులో చెబితే వాన సంగతీ, నానమ్మ కోపం సంగతీ నేను అడగకముందే చెప్పేసింది! మరి ఇంట్లో తెలుగు తగ్గించేయాలా?

జయనగర్ నుంచి:

వద్దమ్మా, ఆ పని మాత్రం చెయ్యకు. వాన సంగతి తనంతట తను చెప్పిందంటే ఆలోచించడం పాపకి వచ్చు, అది తెలుగులో వచ్చు. ఇప్పుడు కావలసింది ఇంగ్లీష్ మాటలు. ఆ టీచర్ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఇంట్లో తెలుగు ఆపేస్తే పాప నీతో మాట్లాడటం తగ్గిస్తుంది. కబుర్లు తగ్గితే ఆలోచన ఎక్కడ పెరుగుతుంది?

ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ ఉంది, మన బెంగళూరులోనే 2015లో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒకే కథ తెలుగు, ఇంగ్లీష్, కన్నడ మూడింటిలో దొరికేవి చాలా ఉంటాయి. కథలకి నాలుగు లెవెల్స్ పెట్టారు, రెండో లెవెల్ నుంచి మొదలుపెట్టు. సోమవారం తెలుగులో చదివి కబుర్లు చెప్పుకోండి, మంగళవారం అదే కథ ఇంగ్లీష్‌లో. కథ ముందే తెలుసు కాబట్టి కొత్త మాటలకి అర్థం తనే ఊహిస్తుంది. పేజీకి నాలుగైదు మాటల కంటే ఎక్కువ ఆపి చెప్పకు. బడి మొదలయ్యాక అదే కథ కన్నడలో తీయండి.

నాలుగో తరగతి పుస్తకాలు ఇప్పుడే తెచ్చి ముందు పెట్టకు. ఆ పరీక్ష కాగితం బడివాళ్ళు ఇస్తే ఒకసారి ఇక్కడ పెట్టు, తప్పిన ఆ నాలుగు ప్రశ్నలు ఎలాంటివో చూస్తాను.