తాగి కొట్టిండంటే కేసు తేలికైతదా?

పరకాల పిల్లగాడు:
అన్నా, మా బావ మొన్న దావత్‌ల బాగ తాగి పక్కింటాయనతోని లొల్లి పెట్టుకొని బీరు సీసతోని నెత్తి పలగ్గొట్టిండు, ఆయనకు ఏడు కుట్లు పడ్డయ్, కేసైంది. బావనేమో నాకేం యాది లేదంటుండు, ఊరోళ్లేమో తాగిన మైకంల కొట్టిండని చెప్తే జడ్జి వదిలేస్తడంటున్నరు. నిజమేనా? మా అక్క అన్నం ముడ్తలేదు.

హన్మకొండ వకీల్:
తమ్మీ, ఆ మాట నమ్మకు. బీఎన్ఎస్‌ల, అంటే ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితల, 23, 24 సెక్షన్లు చూడు, పాత ఐపీసీల ఇవే 85, 86. 23 కింద బయటపడాలంటే తనకు తెల్వకుండనో బలవంతంగనో ఎవరన్న తాపి ఉండాలె, ఆ మైకంల తను ఏం చేస్తుండో తెల్వకుండనో, అది తప్పని తెల్వకుండనో ఉండాలె. మీ బావ సొంతంగ తాగిండు కదా. సొంతంగ తాగినోడికి తాగనోడికున్న తెలివే ఉన్నట్టు లెక్క కడ్తరు, అది 24. సీసతోని నెత్తి మీద కొడితే ఏమైతదో ఆయనకు తెలుసన్నట్టే. ఉద్దేశం ఉన్నదా అన్నదొక్కటి మాత్రం జరిగిందంత చూసి తేలుస్తరు, అక్కడ తాగుడు ఎంత ఎక్కిందన్నది కూడ చూస్తరు. పొద్దుగాల యాది లేకుంటే కొట్టినప్పుడు సోయి లేనట్టు కాదు.
1956ల సుప్రీంకోర్టుల బాస్‌దేవ్ కేసు అయింది, రిటైరైన మిలిటరీ జమేదార్, పెండ్లికి పోయి తాగి, జరుగుమంటే జరగలేదని 15, 16 ఏండ్ల పిల్లగాన్ని పిస్తోల్‌తోని కాల్చి చంపిండు. తాగింది నిజమే అయినా సొంతంగ నడిచిండు, మాట్లాడిండు, కాల్చినంక ఉరుకబోయిండు, గందుకే మర్డర్ కిందనే శిక్ష ఖాయమైంది.

కాజీపేట తమ్ముడు:
అన్నా, మన దిక్కు కల్లుల అల్ప్రాజోలం, డైజీపాం అనే మత్తు మందులు కలుపుతరు కదా, తాగినోడికి అది తెల్వదు. మరి గప్పుడు?

హన్మకొండ వకీల్:
వాదించొచ్చు తమ్మీ, కానీ రుజువు చేసుకునే బాధ్యత ముద్దాయిదే. ఆ రోజే రక్తం, మూత్రం టెస్టుకు పోకుంటే వట్టి మాటతోని నిలబడుడు కష్టం. కల్లని తెలిసే తాగిండు కదా అని పీపీ, అంటే సర్కారు వకీల్, అడుగుతడు.

నర్సంపేట అక్క:
మా తమ్ముణ్ని గూడ ఇట్లనే ఒకడు తాగి కొట్టిండు. వానికి యాది లేదట, మా తమ్మునికి అంత యాదున్నది, ఇప్పటికీ రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తడు. ఆ కుట్లు పడ్డాయన ఎట్లున్నడని మీ ఇంట్ల ఎవరన్న అడిగిండ్రా?

పరకాల పిల్లగాడు:
లేదక్కా, ఎవరం పోలే. రేపు బాపు, నేను పోతం.