వితండవాదం అని ఎవరిని అనాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. టీవీ చర్చల్లో ఒకటి గమనిస్తున్నాను. ఎవరైనా 'దీనికి రుజువేమిటండీ' అని అడిగితే చాలు, అవతలి కుర్చీలోంచి 'మీది వితండవాదం' అని వచ్చేస్తుంది. ప్రభుత్వం ఏ మతం పక్షానా ఉండకూడదు అన్నవాళ్లకూ అదే బిరుదు. ఇంతకీ వితండ అంటే మొండిగా వాదించడమేనా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:

వాడుకలో మీరన్న అర్థమే స్థిరపడింది. కానీ శాస్త్రంలో దీనికి చాలా కచ్చితమైన అర్థం ఉందండీ. మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి: వాదం, జల్పం, వితండ. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ ప్రమాణాలతో, తర్కంతో మాట్లాడుకుంటే వాదం. గెలవడమే పనిగా, మాటల మాయలకు కూడా దిగితే జల్పం. తన పక్షం అంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే చేస్తే వితండ. 'స ప్రతిపక్షస్థాపనాహీనో వితండా' అని సూత్రం. ఇందులో మొండితనం ఊసే లేదు, గొంతు పెంచడమూ లేదు. ఎంతో మర్యాదగా, నవ్వుతూ కూడా వితండ చేయవచ్చు.

మరి రుజువు అడిగినవాడు ఇందులో ఎక్కడ నిలుస్తాడు? న్యాయశాస్త్రంలో (ఇక్కడ న్యాయం అంటే తర్కం, చట్టం కాదు) ఒక మాటను నిలబెట్టడానికి అయిదు అంగాలున్నాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ప్రతిజ్ఞ అంటే ఇక్కడ ఒట్టు కాదు, నిరూపించబోయే మాట. 'కొండ మీద నిప్పుంది' అనేది ప్రతిజ్ఞ. 'పొగ కనిపిస్తోంది కనక' అనేది హేతువు. ప్రతిజ్ఞ చేసినవాడే హేతువు చూపించాలి. కాబట్టి 'మీ హేతువు ఏదండీ' అని అడగడం వాదంలో భాగమే. అడిగినవాణ్ణి వితండవాది అని ముద్ర వేస్తే లాభం ఎవరికి? హేతువు లేకుండా ప్రతిజ్ఞ చేసి కూర్చున్నవాడికి.

'తాయెత్తు కట్టాక జ్వరం తగ్గింది, కాబట్టి తాయెత్తు వల్లే తగ్గింది' అన్నారనుకోండి. హేతువైతే ఉంది. కానీ తాయెత్తు కట్టనివాళ్లకూ జ్వరం తగ్గుతోంది. ఇలా అటూ ఇటూ తిరిగే హేతువును సవ్యభిచారం అన్నారు, హేత్వాభాసల్లో, అంటే హేతువులా కనిపించే తప్పుడు కారణాల్లో, మొదటిది. ఇప్పుడు ఒక మందు పనిచేస్తుందో లేదో చూడడానికి, వేసుకున్నవాళ్ల పక్కన వేసుకోనివాళ్లనూ పెట్టి పోల్చడంలో ఉన్న జాగ్రత్త కూడా ఇలాంటిదే. కొలతలు, లెక్కలు, పరీక్ష పద్ధతులు తర్వాత వచ్చాయి. అవన్నీ మనకు ఎప్పుడో తెలుసు అని మాత్రం నేను అనను, అలా అంటే అది ఇంకో సవ్యభిచారం అవుతుంది.

ఒక సభ్యుడి వ్యాఖ్య:

మీ లెక్క ప్రకారమే చూసినా హేతువాదులు దొరికిపోతారు కదండీ. వాళ్లు ఎప్పుడూ 'అది తప్పు, ఇది తప్పు' అనడమే కానీ తమ పక్షం ఏమిటో చెప్పరు. అది సూత్రంలో చెప్పిన వితండే.

జవాబు:

సగం ఒప్పుకుంటాను. 'అదంతా మూఢనమ్మకం' అని ఊరుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అది వితండ కూడా కాదు, హేతువు లేని ప్రతిజ్ఞ. ఎదుటివాళ్లను నిలదీసిన తప్పే మనమూ చేస్తే ఎలా?

మిగతా సగం ఒప్పుకోను. 'ఈ ఆధారం ఇంత పెద్ద మాటకు చాలదు' అన్నవాడు ఒక పక్షం తీసుకున్నట్టే. ఆధారం గురించి అతను చేసిన ప్రతిజ్ఞ అది, దానికి హేతువూ చెబుతాడు. న్యాయసూత్రాలకు వ్యాఖ్య రాసిన వాత్స్యాయనుడు మొదటి సూత్రం దగ్గరే ఈ చిక్కు ఎత్తుకున్నాడు: వైతండికుణ్ణి 'నీ ప్రయోజనం ఏమిటి' అని అడిగినప్పుడు ఒకటి ఒప్పుకున్నాడంటే అదే అతని పక్షం, అతను ఇక వైతండికుడు కాడు.

ఇంకో సంగతి. ఇదే గౌతముడు నాలుగో అధ్యాయం చివర్లో జల్పవితండలకూ ఒక చోటు ఇచ్చాడు. మొలకెత్తే విత్తనం చుట్టూ ముళ్లకంప వేసినట్టు, తేల్చుకున్న నిజాన్ని కాపాడుకోవడానికి వాటిని వాడవచ్చన్నాడు. నాకు నచ్చిన సూత్రాల్లో ఇదొకటి. అబద్ధాన్ని పడగొట్టడం కూడా పనే. కాకపోతే లోపల మొలక ఉండాలి.

మరో సభ్యుడి వ్యాఖ్య:

పూర్వం అంతా తర్కమయం అన్నట్టు రాస్తున్నారు. మనుస్మృతి రెండో అధ్యాయంలో, హేతుశాస్త్రాన్ని ఆశ్రయించి శ్రుతిస్మృతులను కాదన్నవాణ్ణి వెలివేయమనీ, వాడు నాస్తికుడు, వేదనిందకుడు అనీ ఉంది. నాలుగో అధ్యాయంలో హైతుకులను మాటతోనైనా గౌరవించవద్దని ఉంది. అదీ చెప్పాలి కదా.

జవాబు:

తప్పకుండా చెప్పాలి, గుర్తు చేసినందుకు సంతోషం. ఈ రోజు గర్వంగా చెప్పుకునే 'హేతువాది'కి పూర్వరూపం లాంటి 'హైతుకుడు' అక్కడ తిట్టు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు కూడా ఇప్పటి అర్థంలో లౌకికవాదులు కారు. ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి మాటను ప్రమాణంగా ఒప్పుకుని, దాని మీదే వేదప్రామాణ్యాన్ని నిలబెట్టారు. వాళ్లలో ఉదయనుడైతే ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ఒక గ్రంథమే రాశాడు. వాళ్ల పనిముట్లు తీసుకుంటున్నాం, తీర్మానాలు కాదు.

ఆ పనిముట్లలో నిగ్రహస్థానాలు చూడండి. చర్చలో ఎక్కడ ఓడిపోయినట్టో చెప్పే 22 గుర్తులివి. అడిగినదానికి సంబంధం లేనిది మాట్లాడితే అర్థాంతరం. తన ప్రతిజ్ఞకు దెబ్బ తగలగానే కొత్తది ఎత్తుకుంటే ప్రతిజ్ఞాంతరం. వేరే పనుందని చర్చ మధ్యలో లేచిపోతే విక్షేపం (పాపం, ఆ కాలంలోనూ ఉన్నారన్నమాట). నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మతానుజ్ఞ: తన పక్షంలో తప్పును కాదనకుండా 'మీ పక్షంలోనూ ఉందిగా' అనడం. 'ఆ మతం వాళ్లను అడిగే ధైర్యం ఉందా?' అనేది రోజూ వింటున్నాం. దానికి జవాబుగా అవతలి మతాన్నీ నాలుగు తిట్టి సమతూకం చూపించాల్సిన పని లేదు. 'మొదట ఈ తప్పు ఒప్పుకున్నట్టేనా?' అని అడిగితే చాలు.

మతానుజ్ఞలో మతం అంటే అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. కన్నడంలో మతదానం అంటే ఓటు వేయడం. తెలుగులో మాత్రం ఒంటరిగా వాడితే మతం అంటే ఒక్కటే గుర్తొస్తుంది.

లౌకికవాదం మీద జరిగే దాడి చాలావరకు ఛలం. ఎదుటివాడు ఒక అర్థంలో అన్న మాటకు వేరే అర్థం అంటగట్టి ఖండించడాన్ని ఛలం అంటారు. 'నవకంబళుడు' అంటే కొత్త కంబళి ఉన్నవాడు అని ఒకడు చెబితే, 'తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి, ఒకటే కదా' అన్నాడట ఇంకొకడు. 'రాజ్యం ఏ మతం పక్షమూ వహించకూడదు' అంటే 'అంటే దేవుడు లేడంటారా?' అనడమూ అలాంటిదే. లౌకికం రాజ్యం నడవడికి సంబంధించిన మాట, నాస్తికం వ్యక్తి నమ్మకానికి సంబంధించిన మాట. రోజూ పూజ చేసుకునే మనిషి పక్కా లౌకికవాది కావచ్చు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో 'లౌకిక' చేరింది. అదే సవరణ శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించి తెలుసుకునే స్వభావాన్ని పెంచుకోవడం పౌరుల విధి అంది. రుజువు అడగడం ఆ విధిలోకే వస్తుందని నా ఉద్దేశం.

మొదట ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ. చివరగా ఒక చిన్న సందేహం. వితండవాదమా, వితండావాదమా?

జవాబు:

సంస్కృతంలో వితండా ఆకారాంతం, సమాసం చేస్తే వితండావాదం. తెలుగులో వితండ అయ్యాక వితండవాదం స్థిరపడింది, అలాగే రాయండి. శాస్త్రం పట్టుకుని చూస్తే వాదం వేరు, వితండ వేరు, రెండూ ఒక్క మాటలో కలవకూడదు. అలా అని వాడుకలో కలిసిపోయినదాన్ని విడగొట్టమని పట్టుబట్టలేను.