ఆల్టోల నల్లగొండ నుంచి తిరుపతి: బండికి ముందుగాల ఏమేం చేయించాలె?

చిట్యాల పంతులు

అందరికీ నమస్తే. చిన్నోని పుట్టెంటికలు తిరుపతిల తీయిస్తనని మా అమ్మ మొక్కుకున్నది. మే నెల సెలవులల్ల పోదామని చూస్తే నారాయణాద్రి రైలుల ఎక్కడ్నో వెయిటింగ్ లిస్టుల పడ్డం. ఇగ కారే దిక్కు.

బండి 2014 ఆల్టో 800, పెట్రోలు. సెకండ్ హ్యాండ్ల తీసుకున్న, 71 వేలు తిరిగింది. నా చేతిల దూరం పోయిందంటే హైదరాబాదే, అదీ నేనొక్కన్నే. ఇప్పుడు అయిదుగురం: నేను, మా ఇంటామె, అమ్మ, ఎనిమిదేండ్ల బిడ్డ, ఏడాది పిల్లగాడు. మిర్యాలగూడ మీదికెళ్లి అద్దంకి రోడ్డు పట్టుకొని ఒంగోలు, నెల్లూరు దిక్కు పోదామని.

తలా ఒకమాట చెప్తున్నరు. మెకానిక్‌ను అడిగితే "ఏం గాదు సార్, పో" అంటడు. బామ్మర్ది పైన క్యారియర్ కట్టిచ్చుకోమంటడు. మా స్కూల్ల ఒక సార్, ఎండలకు టైర్లు పగుల్తయి, గాలి రెండు మూడు పాయింట్లు తక్కువ కొట్టియ్యి అన్నడు. టైర్లయితే గాట్లు బాగనే ఉన్నయి. సర్వీసు ఎల్లే ముందురోజు చేయిస్త, తాజాగ ఉంటదని. ఇంకేమన్న మర్సిపోతున్ననా?

కోదాడ కుర్రోడు

ఆల్టోల అయిదుగురు, మే నెల, తిరుపతి. అన్నా, పెద్దబండి కిరాయికి మాట్లాడుకో, అందరు పండుకొని పోవచ్చు.

డ్రైవర్ మామ, మిర్యాలగూడ

కోదాడ తమ్మీ, కిరాయి పైసలు నువ్విస్తే పంతులు సార్ పెద్దబండిలనే పోతడు.

సార్, పోవచ్చు. ఆ దిగులు ఇడువుండ్రి. నేను ఇరువై రెండేండ్లు కిరాయి బండ్లు తోలిన, మొదటి బండి మారుతి ఎయిట్ హండ్రెడ్డే. 796 సీసీ ఇంజను ఐదువందల కిలోమీటర్లు నడుస్తదా అనేది అసలు ముచ్చటే గాదు. నడుస్తది. చూసుకోవాల్సింది బరువు. ఉత్త ఆల్టో సుమారు ఏడు క్వింటాళ్లుంటది. మీరు అయిదుగురు, బ్యాగులు, పిల్లగాని పాలడబ్బాలు కలిపితే మూడు క్వింటాళ్లకు దగ్గరపడ్తరు. ఒక్కలే హైదరాబాదు పోయినప్పుడు ఎక్కడ బ్రేకు తొక్కితే ఆగిందో, గిప్పుడు అక్కడ ఆగది. లారీని దాటాలన్నా అంతే, రెండింతల రోడ్డు ఖాళీగ కనపడ్డంకనే పోవాలె.

ముందురోజు సర్వీసు ముచ్చట అస్సలు పెట్టుకోకుండ్రి. నేను తిన్న దెబ్బ చెప్త. ఒకపారి అయ్యప్ప స్వాములను శబరిమల తీస్కపోతున్న. రాత్రి ఆయిలు మార్పిచ్చి తెల్లారకముందే ఎల్లిన. షెడ్డు ఎవరిదో ఎందుకు గానీ, ఆయిల్ ఫిల్టర్ సరిగ బిగియ్యలె. పిడుగురాళ్ల దాటినంక ఆయిలు లైటు ఎలిగింది. దిగి చూస్తే ఇంజను కిందంతా నల్లగ కారుతున్నది. ఆ చుట్టుపక్కల సున్నం బట్టీలు ఎక్కువ. స్వాములు ఒక బట్టీ గోడ నీడకు కూసున్నరు, నేను ఆయిలు డబ్బా కోసం లారీలు ఆపుకుంట తిరిగిన. మాల ఏసుకున్నోళ్లు గాబట్టి తిట్టలేదు. అప్పటిసంది నాది ఒకటే లెక్క: ఏ పనైనా పదిహేను రోజుల ముందు చేయించాలె, ఆ బండిని ఇంటి కాడ రెండు మూడొందల కిలోమీటర్లు తిప్పాలె. రాత్రి బండి కింద పాత పేపరు పరిచి, పొద్దున మరక పడ్డదా చూడాలె. కొత్తగ ఏసిన సామాన్ల తప్పుంటే నల్లగొండలనే బయటపడాలె, దాచేపల్లిల గాదు.

ఇగ టైర్లు. గాట్లు ఉన్నయంటే సాలదు, వయసు చూడుండ్రి. టైరు పక్క గోడ మీద డి.ఓ.టి. అని ఉంటది, దాని ఎనుక చివర్ల నాలుగంకెలు. 3218 అంటే 2018ల 32వ వారం తయారైనట్టు. తక్కువ తిరిగిన బండ్లకు గాట్లు అరగవు, లోపల రబ్బరు మాత్రం ఎండిపోతది. ఆరేండ్లు దాటిన టైరు ఏసుకొని నేనైతే మే నెలల దూరం పోను. స్టెప్నీది కూడ చూడుండ్రి, దాన్ని ఎవ్వరూ చూడరు.

గాలి తగ్గియ్యమన్న సార్‌కు నా దండం. టైరు ఎండకు పగిలేదానికంటె గాలి తక్కువై పగిలేదే ఎక్కువ. గాలి తక్కువుంటే టైరు పక్కలు చక్రం తిరిగిన ప్రతిసారి వంగి లేస్తయి. తీగను పదిసార్లు అటు ఇటు వంచితే ఎట్ల కాల్తదో అట్ల రబ్బరు లోపల కాగుతది. పైకెళ్లి ఎండ, లోపల్నుంచి ఈ వేడి. డ్రైవర్ డోరు కాడ స్టిక్కర్ ఉంటది, నిండు బరువుకు ఎంత రాసి ఉంటే అంత, పొద్దుగాల బండి తీయకముందు, టైరు సల్లగ ఉన్నప్పుడు కొట్టియ్యాలె. నడిమిట్ల ఆగి చూస్తే నాలుగైదు పాయింట్లు పెరిగి కనపడ్తది, దాన్ని జూసి గాలి తీసేయకుండ్రి.

ఇంజను లోపలి సామాన్లను ఒక లెక్కల తిప్పేది ఆల్టో 800కు టైమింగ్ చైన్ గాదు, రబ్బరు బెల్టు. పదేండ్లు దాటిన బండి, మీకంటె ముందటోడు మార్పిచ్చిండో లేదో తెల్వదు. బిల్లు లేదంటే మార్పియ్యలేదనే లెక్క. అది తెగితే ఇంజను అక్కడికక్కడ బందు, తోవల ఎవ్వరూ బాగుచేయరు.

బ్రేక్ ఆయిలు కూడ మార్పియ్యుండ్రి. అది గాలిలున్న తేమను గుంజుకుంటది. ఊర్ల తిరిగితే తెల్వది. కొండ దిగేటప్పుడు బ్రేకులు కాగితే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగ కిందికి పోతది. రెండేండ్లకొకసారి మార్చాలె, మనకాడ పదేండ్లకు కూడ మార్పియ్యరు.

క్యారియర్ వద్దు. బరువు నెత్తిమీదికి పోతే మూలమలుపుల బండి ఊగుతది. ఇంకోటి, అలిపిరి కాడ అందర్ని దించి బ్యాగులన్ని స్కానింగుల పెడ్తరు. పైన తాళ్లతోని కట్టుకుంటే అక్కడ ఇప్పుకుంట కూసోవాలె, ఎనుకున్నోళ్లు హారన్లు కొడ్తరు. నీళ్లకు స్టీలు సీసాలు పట్టుకపోండ్రి, కొండమీదికి ప్లాస్టిక్ సీసాలు రానియ్యరు.

పెట్రోలు మిర్యాలగూడలనే నింపుకోండ్రి, కృష్ణ బ్రిడ్జి అవతల ఆంధ్రల రేటెక్కువ. ట్యాంకు 35 లీటర్లు. నిండు బరువు, ఏసీ తోని లీటరుకు పదహారు లెక్క పెట్టుకోండ్రి, కంపెనోడు చెప్పిన మైలేజీ మీద భరోస పెట్టుకోకుండ్రి. ఒంగోలు కాడ మళ్ల పోపిచ్చుకుంటే బేఫికర్.

జడ్చర్ల అక్క

మామ టైర్ల సంగతి మంచిగ చెప్పిండు. నేను నీళ్ల సంగతి చెప్త.

మా వ్యాగనార్‌ల జడ్చర్ల నుంచి బెంగుళూరు ఏడాదికి రెండుసార్లు పోతం, బండి నేనే తోల్త. రేడియేటర్ల నీళ్లు తగ్గితే ఇంటి బోరు నీళ్లే పోసేదాన్ని, రెండేండ్లు అట్లనే నడిచింది. ఒక ఏప్రిల్‌ల కొత్తకోట దాటినంక వేడి ఎక్కుడు మొదలైంది. ఏసీ బందు చేసి, కిటికీలు దించి, హీటర్ ఫుల్లు పెట్టిన. పిల్లలు ఒకటే ఏడుపు, ఎండలల్ల హీటర్ ఏంది అని. ఇంజను వేడి కొంచెం లోపలికి గుంజుకుంటది, అందుకు. ఎట్లనో బీచుపల్లి దాక ఈడ్చుకొచ్చి, ఆంజనేయస్వామి గుడి కాడ చెట్టుకింద పెట్టి గంటసేపు మూత ముట్టలేదు. వేడిమీద మూత తీస్తే మొకం కాల్తది, గది యాదుంచుకో అన్నా. కర్నూల్ల రేడియేటర్ ఇప్పితే సన్న గొట్టాలల్ల తెల్లగ ఉప్పు పేరుకొని ఉంది. టీ కాచే గిన్నెకు పట్టే పొరే, ఇంకేం గాదు.

మీ నల్లగొండ నీళ్ల ముచ్చట నేను చెప్పాల్నా? రేడియేటర్ మొత్తం కడిగిపిచ్చి, కూలెంటు (ఇంజనును సల్లగ ఉంచే మందు), బ్యాటరీ దుకాణంల దొరికే డిస్టిల్డ్ వాటర్ కలిపి పోపియ్యు. ఒక లీటరు కలిపిందే డిక్కీల పెట్టుకో. ఏసీ ఏసినప్పుడు రేడియేటర్ కాడి ఫ్యాను తిరుగుతున్నదా, అది కూడ చూడు.

తెల్లారుజామున రెండింటికి ఎల్లుడు వద్దు. మా ఆయన "సల్లగ ఉంటది" అంటడు గానీ, మూడు నుంచి అయిదు దాక కండ్లు మూతలు పడ్తయి. రాత్రి తొమ్మిదింటికి పండుకో, నాలుగున్నరకు బండి తీయి. పదకొండు నుంచి నాలుగు దాక ఎక్కడన్న ఆగు, ఏడాది పిల్లగాడున్నడు.

చిట్యాల పంతులు

మామా, అక్కా, ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. పొద్దున బ్యాటరీ లైటు పట్టుకొని టైర్లు చూసిన. ముందటియి రెండు 2021. ఎనుకటియి 4417. స్టెప్నీ 0914, అంటే బండితోని వచ్చిందే, ఒక్కసారి గూడ రోడ్డు ఎక్కలె. గాట్లు కొత్తపెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నయి, పక్కల గోరుతోని గీకితే సన్న సన్న పగుళ్లు. మూడు కొత్తయి చెప్పిన. 145/80 ఆర్12 మా దుకాణంల లేవు, రెండు రోజులల్ల తెప్పిస్త అన్నడు. బెల్టు, బ్రేక్ ఆయిలు, రేడియేటర్ కడుగుడు సోమవారం. క్యారియర్ మాట బామ్మర్దికి చెప్పిన, అలిగిండు.

అమ్మకు, మా నాయిన తమ్మునికి రైల్ల రెండు ఆర్‌ఏసీ దొరికినయి. పెద్దబ్యాగులు రెండూ వాళ్ల తోనే. కార్ల నలుగురమే. మామా, కొండ సంగతి ఏమన్న చెప్తవా? ఘాట్ రోడ్డు మీద నేనెప్పుడు తోలలె.

డ్రైవర్ మామ, మిర్యాలగూడ

ఎక్కేది, దిగేది వేర్వేరు రోడ్లు, ఎదురుంగ బండ్లు రావు, భయం లేదు. ఎక్కేటప్పుడు ఏసీ బందు. సెకండ్ గేర్ల గుంజకపోతే ఫస్టుకు దింపు, ఎక్సలేటర్ తొక్కి బాధపెట్టకు. దిగేది 1944ల ఏసిన పాత ఘాటు, మలుపులు దగ్గర దగ్గరగ ఉంటయి. సెకండ్ గేర్లనే దిగాలె, ఇంజనే బండిని పట్టుకుంటది. బ్రేకు మీద కాలు పెట్టే ఉంచకు, తొక్కు, ఇడువు. పెట్రోలు మిగుల్తదని ఇంజను బందు చేసి జారిచ్చేటోళ్లను చూసిన, ఆ పని చేస్తే బ్రేకు రాయిలెక్క అయితది.

ఒక పని మిగిలింది. ఇంటి ముందర నీ చేతితోని ఒక్కసారి స్టెప్నీ మార్చి చూడు.

చిట్యాల పంతులు

మార్చిన మామా. నలభై నిమిషాలు. బిడ్డ గడియారం పట్టుకొని కూసున్నది. కొత్త టైర్లు ఏసినోడు గాలిగన్నుతోని బిగిచ్చిండు, బండితోని వచ్చిన పానాతోని మూడు నట్లు వచ్చినయి, నాలుగోది రాలె. పానా మీద నిలబడ్డ, అది వంగింది. ఆఖరికి పక్కింటి ప్లంబర్ దగ్గర రెండడుగుల ఇనుప పైపు తెచ్చి పానాకు తొడిగితే కదిలింది. కొత్త పానా తీసుకున్న. పైపు అడిగితే ఇచ్చిండు, అది కూడ డిక్కీలనే పెట్టిన.