బ్రిలియంట్ డైమండ్‌లో సింథియా గార్చాంప్: లెవెల్ పెంచడం తప్ప మార్గం లేదా?

నీలిరెక్క (చర్చ ప్రారంభం):

పోకెమాన్ బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పర్ల్ ఆటల్లో సిన్నో ప్రాంతపు ఛాంపియన్ సింథియాను ఎలా ఓడించాలని ఎవరు అడిగినా రెండే సమాధానాలు వస్తున్నాయి. మంచు టైప్ పోకెమాన్ వీవైల్‌ను తీసుకెళ్తే, ఆమె జట్టులో అందరూ భయపడే గార్చాంప్ పని అయిపోతుందని కొందరు, జట్టు మొత్తాన్ని 75వ లెవెల్ దాకా పెంచుకోమని మరికొందరు. మొదటి సలహా 2006 నాటి డైమండ్, పర్ల్ ఆటలకు పుట్టింది. 2021లో వచ్చిన ఈ కొత్త రూపాలకు అది చెల్లదని నా వాదన. రెండోది పనిచేస్తుంది గానీ, దాన్ని వ్యూహమని పిలవడం మీద నాకు అభ్యంతరం ఉంది.

మొదటి దాని సంగతి లెక్కతోనే తేల్చుకోవచ్చు. పాత ఆటలో సింథియా గార్చాంప్ 66వ లెవెల్‌లో ఉండేది, కొత్త ఆటలోనూ అంతే. తేడా ఎక్కడంటే, పాత ఆటలో శత్రు శిక్షకుల పోకెమాన్లకు ఈవీలు, అంటే పోరాటాలతోనూ విటమిన్లతోనూ కూడబెట్టుకునే అదనపు శిక్షణ పాయింట్లు, ఉండేవి కావు. కొత్త ఆటలో సింథియా జట్టుకు పుట్టు విలువలు, అంటే పుట్టుకతోనే వచ్చే బలం పాయింట్లు, నిండుగా ఉన్నాయి, ఈవీలు కూడా ఆటగాళ్ల మధ్య జరిగే పోటీల్లోలాగా పంచి ఉన్నాయి. స్వభావాన్ని పక్కన పెడితే, పాత గార్చాంప్ వేగం 159 దగ్గర ఉండేది. ఈవీలేవీ లేని, పుట్టు విలువ మధ్యస్థంగా ఉన్న 60వ లెవెల్ వీవైల్ వేగం 164. అందుకే అప్పట్లో వీవైల్ ముందు దెబ్బ కొట్టేది. కొత్త గార్చాంప్ వేగానికి పూర్తి ఈవీలు ఇచ్చారనుకుంటే అది 201కి చేరుతుంది, వేగం పెంచే స్వభావం కూడా తోడైతే 221. మీ వీవైల్ మాత్రం ఆ 164 దగ్గరే ఉంటుంది.

దానికి తోడు, ఈ గార్చాంప్ చేతిలో యాచె బెర్రీ ఉంది. మంచు దెబ్బ దానికి నాలుగింతలు తగలాల్సింది, ఆ బెర్రీ పుణ్యమా అని మొదటిసారి రెండింతలే తగులుతుంది. వీవైల్ వేగంతో నిమిత్తం లేకుండా ముందు పడే ఐస్ షార్డ్‌ను వాడినా, తొలి దెబ్బకు 239 ప్రాణపు పాయింట్లలో 56 నుంచి 68 మాత్రమే తగ్గుతాయి. ఆ లోపు అది స్వోర్డ్స్ డాన్స్ వేసుకుని దాడి శక్తిని రెట్టింపు చేసుకుంటే మిగతా ఐదుగురి గతి ఏమిటో ఓడిపోయిన వాళ్లందరికీ తెలుసు. అసలు సమస్య గార్చాంప్ బలం కాదు, దానికి మనం ఇచ్చే ఆ ఒక్క ఖాళీ వంతు. ఆ వంతు దొరకకుండా చేయడం ఎలా అన్నదే ఈ చర్చలో తేలాలని నా కోరిక.

పాతకాపు_75:

నీలిరెక్క గారూ, వీవైల్ లెక్క బాగుంది, దానితో నాకు పేచీ లేదు. లెవెల్ పెంచడాన్ని మీరు తీసిపారేయడమే నాకు నచ్చలేదు. మీరు ఇచ్చిన లెక్కల పద్ధతిలోనే నేను గ్యారడాస్‌ను చూపిస్తాను. సిన్నోలో గ్యారడాస్‌గా మారే మాజికార్ప్ దొరకని నీళ్లు లేవు కాబట్టి దాన్ని ఎవరైనా తెచ్చుకోవచ్చు. ఎగిరే టైప్ కాబట్టి గార్చాంప్ వేసే నేల దెబ్బ ఎర్త్‌క్వేక్ దానికి తగలదు. ఇంటిమిడేట్ అనే గుణంతో రంగంలోకి దిగుతూనే గార్చాంప్ దాడిని ఒక మెట్టు దించుతుంది. మంచు కాటు ఐస్ ఫాంగ్ కూడా నేర్చుకుంటుంది.

అదే గ్యారడాస్ 60వ లెవెల్‌లో ఉంటే ఏమవుతుంది? దాని ప్రాణం 193. గార్చాంప్ ఒక్కసారి స్వోర్డ్స్ డాన్స్ వేసుకుంటే, ఇంటిమిడేట్ తగ్గించినది పోను ఇంకా ఒక మెట్టు పైనే ఉంటుంది. అప్పుడు దాని డ్రాగన్ క్లా దెబ్బ 190 నుంచి 225 దాకా తగులుతుంది. అంటే చచ్చినట్టే. 75వ లెవెల్‌లో దాని ప్రాణం 238, అదే దెబ్బ 153 నుంచి 181. తాకినవారిని గాయపరిచే గార్చాంప్ రఫ్ స్కిన్‌ను కొరికినందుకు పోయే ఎనిమిదో వంతు ప్రాణాన్ని కలుపుకున్నా అది నిలబడుతుంది. మొదటి ఐస్ ఫాంగ్ బెర్రీని తినిపిస్తుంది, రెండోది గార్చాంప్‌ను పడగొడుతుంది. మీరు అడిగిన ఖాళీ వంతును నేను దర్జాగా ఇచ్చేసి కూడా గెలుస్తున్నాను. దీన్ని వ్యూహం అనకపోతే ఇంకేమంటారు?

నీలిరెక్క:

ఓపిక అంటాను. గ్యారడాస్ నెమ్మదిగా ఎదిగే వర్గానికి చెందినది. 60వ లెవెల్ నుంచి 75కి చేరాలంటే దానికి 2,57,000కు పైగా అనుభవ పాయింట్లు కావాలి. ఒక ప్రత్యర్థి కోసం ఒక పోకెమాన్‌కు అంత పోయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అదే 60వ లెవెల్ గ్యారడాస్‌కు ప్రోటీన్లు పట్టించి దాడికి పూర్తి ఈవీలు ఇస్తే, రెండు ఐస్ ఫాంగ్‌లు కలిపి 234 నుంచి 282 దాకా తగులుతాయి, అంటే దాదాపు ప్రతిసారీ గార్చాంప్ పడిపోతుంది. దెబ్బ విషయంలో ఆ పదిహేను లెవెల్స్ ఇచ్చే దానికి ఇది దగ్గరగా వస్తుంది.

పాతకాపు_75:

దెబ్బ సరిపోతుంది సరే, ప్రాణం సరిపోతుందా? ప్రోటీన్ వల్ల ఆ 193 ఒక్క పాయింటైనా పెరగదు. మీ గ్యారడాస్ రెండో ఐస్ ఫాంగ్ దాకా బతికి ఉండదు, ఎందుకంటే గార్చాంప్ దానికంటే వేగమైనది, రెండో వంతులోనూ ముందు అదే కొడుతుంది. స్వోర్డ్స్ డాన్స్ వేసుకోకుండా రెండుసార్లు డ్రాగన్ క్లాతో కొట్టినా, రఫ్ స్కిన్‌కు పోయే 24 కలుపుకుంటే మీ 193 అయిపోతుంది.

ప్లాటినం_ప్రేమి:

ఇద్దరూ కొత్త ఆట గురించే మాట్లాడుతున్నారు గనుక పాత ఆటల తరఫున ఒక మాట. సలహాలు అడిగేవాళ్లలో కొందరు పాత ఆటల మరో రూపమైన ప్లాటినం ఆడుతూ ఈ చర్చలు చదివి తికమక పడుతున్నారు. ప్లాటినంలో గార్చాంప్ 62వ లెవెల్‌లో ఉంటుంది, దానికి స్వోర్డ్స్ డాన్స్ లేనే లేదు. డ్రాగన్ రష్, ఎర్త్‌క్వేక్, ఫ్లేమ్‌త్రోయర్, గిగా ఇంపాక్ట్ ఉంటాయి. గిగా ఇంపాక్ట్ తగిలాక అది ఒక వంతు కదలకుండా ఉండాలి, అంటే ఖాళీ వంతును అక్కడ సింథియాయే మనకిస్తుంది. సింథియా జట్టులో గ్యాస్ట్రోడాన్ స్థానంలో టోగెకిస్ కూడా ఉంటుంది. కాబట్టి ఏ ఆట అన్నది చెప్పకుండా 'సింథియా వ్యూహం' అని రాయడం మానుకుంటే మంచిది.

మరొకటి. అందరూ గార్చాంప్ చుట్టూ తిరుగుతున్నారు గానీ, నా అభిప్రాయంలో కొత్త ఆటలో సగం జట్లు సింథియా మిలోటిక్ దగ్గరే కుదేలవుతున్నాయి. దాని చేతిలో ఫ్లేమ్ ఆర్బ్ ఉంది. తనను తానే కాల్చుకుని, మార్వెల్ స్కేల్ అనే గుణంతో రక్షణను ఒకటిన్నర రెట్లు చేసుకుంటుంది. అయితే ఆ కాలడం అది దిగిన వెంటనే జరగదు, వంతు ముగిశాక జరుగుతుంది. కాబట్టి భౌతిక దెబ్బ ఏదైనా కొట్టదలచుకుంటే అది దిగిన మొదటి వంతులోనే కొట్టాలి. ప్రత్యేక దాడులతో కొడదామంటే పాత ఆటల్లోనే దానికి మిర్రర్ కోట్ ఉండేది, పడగొట్టలేని దెబ్బ కొడితే రెండింతలై తిరిగొచ్చేది. గార్చాంప్ దాకా వచ్చేసరికి మీ దగ్గర ఎంతమంది మిగులుతారన్నది ఇక్కడే తేలిపోతుంది.

రివైవ్_సంచి:

ఇంత లెక్క ఎందుకని నాకు అనిపిస్తోంది. సంచిలో రివైవ్‌లు, ప్రాణం నింపి గాయాలు మాన్పే ఫుల్ రిస్టోర్‌లు పుష్కలంగా ఉంచుకుంటే పడిపోయిన వాళ్లను లేపుతూ ఎంతసేపైనా పోరాడవచ్చు. సింథియా కూడా ఫుల్ రిస్టోర్ వాడుతుంది కదా, మనం వాడితే తప్పేమిటి?

నీలిరెక్క:

తప్పొప్పుల మాట నేను ఎత్తలేదు, వాడుకోండి. కానీ ఒక్కో రివైవ్ ఒక్కో వంతును తింటుంది. గార్చాంప్ ఎదురుగా ఉండగా మీరు సంచి విప్పితే, అది మరోసారి స్వోర్డ్స్ డాన్స్ వేసుకుంటుంది. రెండుసార్లకు దాని దాడి మూడింతలవుతుంది. అప్పుడు మీరు లేపినవాడు లేచింది మళ్లీ పడటానికే. సంచి విప్పాల్సింది గ్యాస్ట్రోడాన్ ఎదుట. సింథియా జట్టులో మెల్లగా కదిలేవాటిలో అదొకటి, దానికి గడ్డి టైప్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది గనుక ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపించేయవచ్చు. దాన్ని వెంటనే పడగొట్టాలన్న తొందర మానుకుని, దాని ముందు కూర్చుని మొత్తం జట్టుకు వైద్యం చేసుకోవడం నా దృష్టిలో ఈ పోరాటంలో చవకగా దొరికే ప్రయోజనం.

నిప్పురవ్వ:

ఇప్పటిదాకా ఎవరూ ప్రస్తావించని దారి ఒకటుంది: గార్చాంప్‌ను చంపడానికి ముందు కాల్చడం. విల్-ఓ-విస్ప్ తగిలి కాలిన పోకెమాన్ కొట్టే భౌతిక దెబ్బ సగమవుతుంది. స్వోర్డ్స్ డాన్స్ రెట్టింపు చేస్తుంది, కాలిన గాయం సగం చేస్తుంది, లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. నీలిరెక్క గారు అడిగిన 'ఖాళీ వంతు' ఇచ్చినా నష్టం లేని మార్గం ఇదే.

దీనికి నేను చెప్పే పోకెమాన్ డ్రిఫ్‌బ్లిమ్. ఎగిరే టైప్ గనుక ఎర్త్‌క్వేక్ తగలదు. రక్షణ అధ్వానంగా ఉన్నా ప్రాణం మాత్రం చాలా పెద్దది. 60వ లెవెల్‌లో, ఈవీలేవీ లేకుండా, 259. గార్చాంప్ మామూలుగా కొట్టే డ్రాగన్ క్లా దానికి 207 నుంచి 244 దాకా తగులుతుంది. నిండు ప్రాణంతో దిగితే ఆ దెబ్బకు తట్టుకుని విల్-ఓ-విస్ప్ వేయగలదు. గార్చాంప్ దెబ్బ కొట్టకుండా ముందు స్వోర్డ్స్ డాన్స్ వేసుకుంటే మరీ మంచిది: మనం ఆ వంతులోనే కాలుస్తాం, తరువాత వచ్చే దెబ్బ మళ్లీ అదే 244కు మించదు, మన 259 దానికి సరిపోతుంది. లెవెల్ పెంచనక్కర లేదు, ప్రోటీన్లు కొననక్కర లేదు. అప్పుడు పాతకాపు గారి 60వ లెవెల్ గ్యారడాస్ కూడా తీరిగ్గా రెండుసార్లు కొరకగలదు.

పాతకాపు_75:

విల్-ఓ-విస్ప్ గురి నూటికి 85. తప్పిన పదిహేను సార్లూ మీ డ్రిఫ్‌బ్లిమ్ గతి ఏమిటి? గురి కుదిరినా సింథియా ఫుల్ రిస్టోర్ వాడితే ఆ గాయం కాస్తా మానిపోతుంది, స్వోర్డ్స్ డాన్స్ పెంచిన శక్తి మాత్రం అలాగే ఉంటుంది.

నిప్పురవ్వ:

ఫుల్ రిస్టోర్ వాడిన వంతులో గార్చాంప్ దెబ్బ కొట్టలేదు కదా. ఆ వంతు మనది. మళ్లీ కాల్చవచ్చు, లేదా తినేసిన బెర్రీ తిరిగి రాదు గనుక ఈసారి మంచు దెబ్బ నాలుగింతలుగా కొట్టవచ్చు. గురి తప్పే మాట నిజమే, దాన్ని కాదనను. కానీ మీ లెక్కలోనూ అప్పుడప్పుడూ అదనపు బలంతో పడే క్రిటికల్ హిట్ తగిలితే 75వ లెవెల్ గ్యారడాస్ మాత్రం నిలుస్తుందా?

ప్లాటినం_ప్రేమి:

ఈ లెక్కలన్నిటిలో మీరు దాచిపెట్టిన షరతు ఒకటుంది. డ్రిఫ్‌బ్లిమ్ అయినా గ్యారడాస్ అయినా 'నిండు ప్రాణంతో, ఉచితంగా' దిగుతుందని అనుకుంటున్నారు. సెట్టింగ్స్‌లో పోరాట పద్ధతి 'స్విచ్' అని ఉంటేనే అది కుదురుతుంది. అప్పుడు ఎదుటివాడు పడగానే తరువాత ఎవరొస్తున్నారో చెప్పి, మార్చుకుంటారా అని ఆటే అడుగుతుంది. 'సెట్' పద్ధతిలో ఆ మర్యాద లేదు. సింథియా లుకారియోను పడగొట్టిన వాడే గార్చాంప్ ముందు నిలబడాలి, మార్చుకుంటే మార్చిన వంతు గార్చాంప్‌దే. అప్పుడు డ్రిఫ్‌బ్లిమ్ దిగుతూనే కనీసం 207 పోగొట్టుకుంటుంది, రెండో దెబ్బకు విల్-ఓ-విస్ప్ వేయకుండానే పోతుంది. సెట్ పద్ధతిలో ఎవరినో ఒకరిని బలి ఇచ్చి, ఆ పడిపోయిన చోటు నుంచి డ్రిఫ్‌బ్లిమ్‌ను దింపాలి. ఆ బలి తరువాత గార్చాంప్ స్వోర్డ్స్ డాన్స్‌తో సిద్ధంగా ఉంటే, డ్రిఫ్‌బ్లిమ్ ఒక్క దెబ్బకే పోతుంది.

స్నేహం ఎక్కువగా ఉన్న పోకెమాన్ ఒక్క పాయింట్ ప్రాణంతో బతికి బయటపడటం కూడా ఈ ఆటల్లో ఉంది. దాన్ని ఆపే మీట లేదు. అది జరిగి గెలిచినవాళ్లు తమ వ్యూహం ఫలించిందని రాయడం చూస్తుంటే నాకు నవ్వొస్తుంది.

నీలిరెక్క:

సెట్ పద్ధతి విషయంలో ప్లాటినం_ప్రేమి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే అది నా వాదనకే బలం: సెట్ పద్ధతిలో గార్చాంప్ ఎవరి మీద దిగుతుందో మనం ముందే ఎంచుకోవాలి, అంటే దానికి ముందు పడే పోకెమాన్‌ను ఎవరితో పడగొట్టాలన్న నిర్ణయమే అసలు నిర్ణయం. లుకారియోను మన ఇన్ఫర్నేప్‌తో పడగొట్టి దాని మీదికే గార్చాంప్‌ను రప్పించుకోవడం కంటే, అప్పటికే అలసి ఎందుకూ కొరగాని స్థితిలో ఉన్నవాడితో ఆ చివరి దెబ్బ వేయించడం మేలు. బలి ఎలాగూ తప్పదు గనుక అది చవకలో పోవాలి. స్విచ్ పద్ధతిలో ఆడేవారికి మాత్రం నిప్పురవ్వ గారి డ్రిఫ్‌బ్లిమ్‌నే నేను ముందు సూచిస్తాను.

పాతకాపు_75:

ఒక్క ప్రశ్న. డ్రిఫ్‌బ్లిమ్‌గా మారే డ్రిఫ్లూన్, వ్యాలీ విండ్‌వర్క్స్ ముందు శుక్రవారం నాడు 22వ లెవెల్‌లో దొరుకుతుంది. దాన్ని 60కి తీసుకురావడం మీ భాషలో వ్యూహం, నా గ్యారడాస్‌ను 60 నుంచి 75కి తీసుకెళ్లడం మాత్రం కొండను తవ్వడం, అంతేనా?

నిప్పురవ్వ:

ఈ ఆటలో పోరాడని జట్టు సభ్యులకూ అనుభవం పంచే ఎక్స్‌పీ షేర్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, ఆపుదామన్నా ఆగదు. శుక్రవారం పట్టుకున్న డ్రిఫ్లూన్‌ను జట్టులో ఉంచుకుని కథ ఆడుకుంటూ పోతే పోకెమాన్ లీగ్ గుమ్మం దాకా అదే ఎదుగుతుంది. మీ పదిహేను లెవెల్స్ ఆ గుమ్మం దగ్గరికి వచ్చి, కథ ఆపి, విక్టరీ రోడ్‌లో తిరుగుతూ సంపాదించాల్సినవి. తేడా అదే. అయినా మీ దగ్గర ఇప్పటికే 75వ లెవెల్ గ్యారడాస్ ఉంటే, నిశ్చింతగా దాన్నే తీసుకెళ్లండి.