మొక్క నాటించి ఫొటో తీస్తే పిల్లలకు సైన్స్ వచ్చేస్తుందా?

చెరువుగట్టు:
సూటిగా అడుగుతున్నా. జూన్ 5న, పర్యావరణ దినం అని పిల్లల్ని వరసగా నిలబెట్టి, తలా ఒక మొక్క చేతిలో పెట్టి, నాటించి, ఫొటో తీసి పంపించేస్తే ఎవరికి లాభం? ఆ మొక్క జూలైలో బతికుందో ఎండిందో ఏ పిల్లాడికీ తెలీదు, వాణ్ని మళ్ళీ అక్కడికి ఎవరూ తీసుకెళ్ళరు కాబట్టి. ఈ ఒక్కరోజు హడావిడి ఆపేసి అదే పిల్లల చేత ఏడాది పొడుగునా ఏదో ఒకటి కొలిపించాలి, లెక్కపెట్టించాలి అంటాను నేను. నీళ్ళు, పక్షులు, బావిలో నీటి మట్టం, ఏదైనా సరే. కాదనేవాళ్ళు చెప్పండి.

మూడో బెంచీ:
మొక్కల మీద మీకేం పగండీ? చిన్నప్పుడు నేను నాటిన చెట్టు ఇప్పటికీ ఉంది, అటు వెళ్తే ఓసారి చెయ్యి వేసి వస్తాను. ముందు ఇష్టం పుట్టాలి, లెక్కలు తర్వాత. పుస్తకం ఇచ్చి అంకెలు రాయమంటే వాళ్ళకు అది ఇంకో హోంవర్కే.

ల్యాబ్ కోటు:
ఇద్దరితోనూ పేచీ ఉంది నాకు. నా ఉద్యోగమే నీటి పరీక్షలు. పిల్లలు తెచ్చే అంకెలు దేనికీ పనికిరావు. పీహెచ్ కాగితం, అంటే నీళ్ళలో ఆమ్లగుణం ఎంతో రంగుతో చూపేది, ముంచి ఒకడు 7 అంటాడు, పక్కవాడు 8 అంటాడు, ఇద్దరూ ఒకటే తేడా కదా అనుకుంటారు. ఆ స్కేలు మీద ఒక అంకె తేడా అంటే పది రెట్లు! సరదాకి చేయించండి, కాదనను, కానీ దాన్ని సైన్స్ అనకండి.

చెరువుగట్టు:
ల్యాబ్ కోటు గారూ, ఆ తేడా దగ్గరే నాకు పాఠం దొరికింది. సెక్కీ పళ్ళెం మీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: 20 సెంటీమీటర్ల గుండ్రటి పళ్ళెం, నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేస్తారు, తాడుకి కట్టి నీళ్ళలోకి దింపుతూ ఎంత లోతులో కనిపించకుండా పోయిందో రాసుకోవడమే. 1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టాడు, ఇప్పటికీ వాడుతున్నారు. మా బడి పిల్లల్లో ఒకడికి 85 సెంటీమీటర్లు వచ్చింది, ఇంకో అమ్మాయికి 110. నువ్వు తప్పంటే నువ్వు తప్పని ఇద్దరూ గొడవ. చివరికి తేలిందేమిటంటే, వాడు ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తున్న వైపు నిలబడ్డాడు, ఆ పిల్ల నీడ వైపు. మర్నాటి నుంచి ఎవరు కొలిచినా నీడ వైపు నుంచే అని వాళ్ళే రూలు పెట్టుకున్నారు. నేను చెప్పి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేవాళ్ళు.

ఇంకోటి, 1995లో అమెరికాలోని మిన్నెసోటాలో బడిపిల్లలు బయటికి వెళ్ళి కుంటలో కప్పల్ని పట్టుకుంటే వాటిలో చాలావాటికి కాళ్ళు వంకరగానో, లేకుండానో, ఎక్కువగానో ఉన్నాయి. కప్పలకి ఏమైందన్న పెద్ద గొడవంతా అక్కడి నుంచే మొదలైంది.

ల్యాబ్ కోటు:
చూసింది పిల్లలే, కారణం తేల్చింది మాత్రం శాస్త్రవేత్తలు. ముందు రసాయనాల్ని అనుమానించారు, తర్వాత రైబిరోయియా అనే పరాన్నజీవి ఒక ముఖ్య కారణమని బయటపడింది. అది నత్తల్లో పెరిగి, తోకకప్పకు కాళ్ళు మొలిచే చోట దూరుతుంది. ఎరువులు కొట్టుకొచ్చి నాచు పెరిగితే నత్తలు పెరుగుతాయి, వాటితో అదీ పెరుగుతుంది. ఇదంతా పిల్లల వల్ల అయ్యే పనేనా?

పిట్టగూడు:
ఆ పిల్లలు కళ్ళు తెరిచి చూడకపోతే మీ శాస్త్రవేత్తలు ఆ కుంట దాకా వచ్చేవారా మాస్టారూ? తప్పులు పట్టే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈబర్డ్ అని ఎవరైనా చూసిన పక్షుల లెక్క రాసే సైటు ఉంది, అందులో ఆ చోటికి, ఆ నెలకి కుదరని పక్షి రాస్తే వెంటనే ఆపి అడుగుతుంది, తర్వాత తెలిసినవాళ్ళు చూస్తారు. 1900లో క్రిస్మస్‌కి పక్షుల్ని వేటాడే బదులు లెక్కపెడదాం అని అమెరికాలో పక్షుల శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ అంటే వచ్చింది 27 మందే. ఆ లెక్క ఇప్పటికీ ఏటా సాగుతోంది, పరిశోధకులు వాడుకుంటున్నారు.

ఇద్దరు పిల్లల తల్లి:
లెక్కలు సరే, నీళ్ళ దగ్గర పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఈ యాప్‌లలో లొకేషన్ పెట్టడం కూడా నాకు టెన్షనే.

పిట్టగూడు:
నిజమేనండీ, నీళ్ళ దగ్గర పెద్దవాళ్ళు లేకపోతే అసలు దిగనివ్వకూడదు. చూసిన మొక్కలు, జీవాల ఫొటోలు పెట్టే ఐనేచురలిస్ట్ యాప్‌లో సొంత ఖాతాకి 13 ఏళ్ళు నిండాలి. చిన్నవాళ్ళకి వాళ్ళదే సీక్ అనే యాప్ ఉంది, ఖాతా అక్కర్లేదు. ఇంకో మాట, గూళ్ళ చోటు మాత్రం ఎక్కడా పెట్టనివ్వకండి, పిట్టలకీ ప్రమాదమే.

మూడో బెంచీ:
అందరూ ఒకటి దాటేస్తున్నారు. కొలిచారు, మురికి అని తేలింది. తర్వాత? వచ్చే నెలా మురికే. నీళ్ళు పాడుచేసింది పెద్దవాళ్ళు, లెక్క రాయాల్సింది పిల్లలా?

చెరువుగట్టు:
ఇది గట్టిగా తగిలింది. నిజం చెప్తున్నా, రెండేళ్ళ చెరువు అంకెలు గీతల కాగితం మీద గీయించి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాం. అక్కడాయన తీసుకుని, బాగుంది బాబూ అని, దాని మీదే టీ కప్పు పెట్టుకున్నాడు. తిరిగొస్తుంటే ఒకడు "సార్, రేపు కూడా కొలవాలా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఆ నెల కొలవలేదు కూడా.

తర్వాత పద్ధతి మార్చాను. బళ్ళో కారుతున్న కుళాయి కింద సీసా పెట్టించాను. పది నిమిషాలకి 150 మిల్లీలీటర్లు. గుణించి చూస్తే రోజుకి 21 లీటర్ల పైనే అని తేలేసరికి లోపల వాషర్ అరిగిందని వాళ్ళే కనిపెట్టి, మార్చేదాకా నన్ను వదల్లేదు. మార్చాక మళ్ళీ సీసా పెట్టారు. సున్నా. రాసిన పిల్ల దాని చుట్టూ రెండుసార్లు గీత గీసింది. చెరువు కొలత కూడా మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి వాళ్ళే అడిగారు.

ల్యాబ్ కోటు:
ఆ సున్నా ఎన్నిసార్లు కొలిచారు? ఒక్కసారేనా?

చెరువుగట్టు:
మూడుసార్లు. మూడోసారి సీసాలో చీమ ఉంది, అదీ రాశాం.