పాత అవుట్‌బోర్డ్ ఇంజన్: గేర్ ఆయిల్ తెల్లగా వస్తే వదిలేయాలా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. తడ దగ్గర పులికాట్‌లో చేపలు పట్టే మా బావకి చిన్న ఫైబర్ పడవుంది. దానికి 8 లేదా 9.9 హెచ్‌పీ సెకండ్ హ్యాండ్ అవుట్‌బోర్డ్ ఇంజన్ (పడవ వెనక పలకకి బయట బిగించేది) వెతుకుతున్నాం.

ఒక యమహా టూ స్ట్రోక్ చూశాం. తాడు లాగగానే స్టార్టయింది, ఇంజన్‌ని చల్లబరిచి బయటికొచ్చే నీళ్ల ధార కూడా గట్టిగానే పడింది. కానీ కింద గేర్ ఆయిల్ స్క్రూ విప్పిస్తే మజ్జిగలా తెల్లగా కారింది. లోపలికి నీళ్లు దిగినట్టే కదా! సీల్ మారిస్తే చాలంటున్నాడు అమ్మేవాయన, నాకైతే నమ్మకం కుదరడం లేదు. షాఫ్టు, బేరింగులు తుప్పు పట్టాయేమో మొత్తం విప్పకుండా తెలుసుకునే దారుందా? ఉప్పునీళ్లలో తిరిగిన ఇంజన్‌కి ఇంకా ఎక్కడెక్కడ చూడాలి? రెండు సిలిండర్ల కంప్రెషన్‌లో ఎంత తేడా వరకు పర్వాలేదు?

ఇంకొకటి. పులికాట్‌లో లోతు బాగా తక్కువ, ఎండాకాలం ఇంజన్ ఫ్యాను (ప్రొపెల్లర్) బురదలో తగులుతుంది. బురదనీళ్లు లాగితే ఇంపెల్లర్ (చల్లబరిచే నీళ్లు లాగే పంపులోని రబ్బరు చక్రం) త్వరగా అరిగిపోతుందంటారు. పడవ వెనక పలక ఎత్తు 16 అంగుళాలు. 15 అంగుళాల పొట్టి షాఫ్టు సరిపోతుందా?

బావ అప్పు తెచ్చి కొంటున్నాడు, అందుకే ఇంత గుచ్చి గుచ్చి అడుగుతున్నా. సూళ్లూరుపేట, నెల్లూరు వైపు ఇంజన్ చూసిపెట్టే మంచి మెకానిక్ ఉంటే దయచేసి చెప్పండన్నా.