ఫింగర్ ప్రింట్ బ్యూరోలో పని అసలు ఎలా ఉంటుంది? చేసినవాళ్ళు చెప్పండి

అరండల్‌పేట అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బీఎస్సీ కెమిస్ట్రీ అయి రెండేళ్ళయింది. ఎస్ఐ పరీక్షకి ఒకసారి వెళ్ళాను, పరుగులో పోయింది. ఈ మధ్య ఫ్రెండ్ ఒకడు "ఫింగర్ ప్రింట్ బ్యూరో వైపు చూడరా, నీ కెమిస్ట్రీ పనికొస్తుంది" అన్నాడు. నాన్నకి చెబితే "పోలీసంటే స్టేషన్లో ఉండాలి గానీ, ఎవడి వేళ్ళో చూసుకుంటూ కూర్చునే ఉద్యోగమేంట్రా" అన్నారు.

అసలు రోజంతా ఏం చేస్తారు? అన్నీ కంప్యూటరే పోలుస్తుంటే ఇంక మనిషితో పనేముంది? నాకు కళ్ళజోడు ఉంది, అది ఇబ్బందా?

ఇంకొకటి, కాస్త సిల్లీగా అనిపించొచ్చు. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడాలు తీసే పనికి వెళ్తుంది. సీజన్లో రేషన్ షాపు మిషన్ ఆవిడ వేలు తీసుకోదు. బొటనవేలు, చూపుడువేలు మార్చి మార్చి నాలుగైదుసార్లు పెట్టించి, చివరికి పక్కన నిలబెడతారు. అలాంటి వాళ్ళ ముద్ర మీ దగ్గరకొస్తే ఎలా పోలుస్తారు?

జై బెజవాడ:

బ్రో లైట్ తీస్కో. ఇప్పుడంతా నాఫిస్, దేశమంతటి వేలిముద్రల కంప్యూటర్ సిస్టమ్. ముద్ర స్కాన్ చేస్తే పేరు, ఊరు, ఫొటో అన్నీ స్క్రీన్ మీదకొచ్చేస్తాయి. ఏసీ రూములో కూర్చుని ఎంటర్ కొట్టడమే. టెన్షన్ లేని పోలీసు ఉద్యోగం ఇదొక్కటే.

పాత భూతద్దం:

పై తమ్ముడు చెప్పినంత సుఖమే ఉంటే నాకు నలభై ఐదేళ్ళకే మెడనొప్పి ఎందుకొచ్చిందో వాళ్ళ డాక్టర్నే అడగాలి. నేను ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉండి రిటైరయ్యాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో మనవరాలిని స్కూలుకి దింపి రావడమే డ్యూటీ.

ముందు కంప్యూటర్ సంగతి. నాఫిస్ 2022లో వచ్చింది, ఢిల్లీలో ఎన్‌సీఆర్‌బీ (దేశం మొత్తం నేరాల రికార్డులు చూసే సంస్థ) వాళ్ళది. అరెస్టయిన మనిషికి పది అంకెల నంబరు ఒకటిస్తుంది. రేపు అతను ఏ రాష్ట్రంలో దొరికినా అదే నంబరు. మంచి పనిముట్టు, కాదనను. కానీ దొంగతనం జరిగిన చోట దొరికిన ముద్ర (మేం ఛాన్స్ ప్రింట్ అంటాం) దానికిస్తే "ఇతనే" అని చెప్పదు. "వీళ్ళలో ఎవరైనా కావచ్చు, చూసుకోండి" అని మార్కులు వేసి ఒక వరస ఇస్తుంది. ఆ వరసలో మొదటివాడితోనే జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను చేరినప్పుడు ఇవేవీ లేవు. పది వేళ్ళ స్లిప్పులు, చెక్క బీరువాలు, భూతద్దం. సుడి ఉన్న వేళ్ళకి 16, 8, 4, 2, 1 అని విలువలు వేసి, ఐదేసి వేళ్ళుగా పైనా కిందా కూడి, రెంటికీ ఒక్కొక్కటి కలిపితే స్లిప్పు ఏ అరలోకి వెళ్ళాలో తెలిసేది. మొత్తం 1,024 అరలు. ఈ లెక్క వెనక ఉన్న బుర్రలు కలకత్తాలో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లవి. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టింది కూడా అక్కడే, 1897లో. లండన్‌లో స్కాట్లండ్ యార్డ్‌కి ఇది వెళ్ళింది 1901లో. పద్ధతికి పేరు మాత్రం పై అధికారి హెన్రీది పడింది. ఆఫీసులంటే అప్పుడూ అంతే.

సుడులంటే మన పెద్దవాళ్ళు చక్రాలనేవి. పది వేళ్ళకీ చక్రాలుంటే రాజయోగం అంటారు కదా, మా ఆవిడకి పదీ చక్రాలే. మా లెక్కలో 32 బై 32. నాకు ఒక్కటీ లేదు, నాది 1 బై 1. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రోజంతా ఏం చేస్తారన్నావు. రెండు ముద్రలు పక్కపక్కన పెట్టుకుని గీతలు లెక్కపెడతాం. ఒక గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, ఈ చీలిక నుంచి ఆ కొసకి మధ్యలో ఎన్ని గీతలున్నాయి. సీన్ నుంచి వచ్చిన వాటిలో సగం అలికినట్టుంటాయి. ఉన్నవాటిలో మళ్ళీ ఎక్కువ ఆ ఇంటివాళ్ళవే. అందుకే ముందు ఇంట్లో అందరి ముద్రలూ తీసుకుని వాటిని పక్కకి పెట్టాలి. ఒకసారి బీరువా హ్యాండిల్ మీద చక్కని బొటనవేలు దొరికింది. ఒక పూటంతా దాని మీద కూర్చున్నాను. చివరికి అది, మాకంటే ముందు వెళ్ళి "ఎవరూ ఏమీ ముట్టుకోకండి" అని అందరినీ అరిచిన మన పోలీసాయనదే.

నేను నా సర్వీసులో ఎక్కువసార్లు రాసిన మాట "పోల్చడానికి పనికిరాదు". ఎస్ఐలకి ఈ మాటంటే పడదు. "కొంచెం చూడండి సార్, పై నుంచి ప్రెషర్" అని ఫోన్లు. టెన్షన్ లేదన్న తమ్ముడు ఆ ఫోన్ ఒకటి ఎత్తి చూడాలి.

దొరికితే గొడవ తీరిందా అంటే అదీ లేదు. ముద్ర చెప్పేది "ఈ మనిషి దీన్ని ముట్టుకున్నాడు" అన్నంతవరకే. ఎప్పుడు ముట్టుకున్నాడో చెప్పదు. బీసెంట్ రోడ్డులో ఒక షాపు కౌంటర్ అద్దం మీద ముద్ర దొరికిందనుకో, రోజూ వందమంది చేతులు ఆనించే అద్దం అది. డిఫెన్స్ లాయరు లేచి "ఇది ఎన్ని రోజుల నాటి ముద్ర అండీ" అంటాడు. "చెప్పలేనండి" అనాలి. బోనులో నిలబడి అలా అనడం మొదటిసారి చాలా కష్టంగా ఉంటుంది.

శవాల సంగతి కూడా విను, తర్వాత నాకెవరూ చెప్పలేదనకు. బందరు కాలవలో, ఏలూరు కాలవలో గుర్తు తెలియని శవాలు తేలుతుంటాయి. నీళ్ళలో రెండుమూడు రోజులు నానితే వేలి తోలు ముడతలు పడుతుంది. ఇంకా నానితే తొడుగులాగా ఊడివస్తుంది. అప్పుడు గ్లౌజు వేసుకున్న మన వేలికి ఆ తోలు తొడుక్కుని, ఇంకు పూసి, మన వేలే దొర్లించినట్టు దొర్లించాలి. మొదటిసారి చేసిన రోజు అన్నం తినలేదు. రెండోసారి తిన్నాను. అలా తీసిన ఒక ముద్ర పాత రికార్డులో కలిసి, తెనాలి నుంచి అన్నగారు వచ్చి శవాన్ని తీసుకెళ్ళాడు. "మా వాడి మీద కేసుండటం మంచిదైందండీ" అన్నాడు. దానికి ఏం జవాబు చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

కళ్ళజోడుకి భయపడకు, మాలో సగం మందికి ఉండేది. అయితే చేరగానే ఎక్స్‌పర్ట్ అయిపోవు. ట్రైనింగ్ అయ్యాక సెంట్రల్ ఫింగర్ ప్రింట్ బ్యూరో పెట్టే ఆల్ ఇండియా బోర్డ్ పరీక్ష ఉంటుంది. రాత, ప్రాక్టికల్, ఇంటర్వ్యూ. అది పాసయితేనే కోర్టులో నీ మాటకి విలువ. పోస్టులు ఎప్పుడు పడతాయో, అర్హతలేమిటో మంగళగిరి పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్లోనే చూసుకో. కోచింగ్ సెంటర్ల మాట నమ్మి డబ్బు కట్టకు.

పౌడర్ డబ్బా:

నమస్తే అండీ, నేను గుంటూరు వైపు క్లూస్ టీమ్‌లో (నేరం జరిగిన చోటికి వెళ్ళి ఆధారాలు సేకరించే జట్టు) చేస్తున్నాను. సార్ ఆఫీసు సంగతి చెప్పారు, నేను బయటి సంగతి చెప్తాను. 2024 జులై నుంచి కొత్త చట్టం కదా, ఏడేళ్ళు ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్ళు సీన్‌కి వెళ్ళాలని అందులో ఉంది. అంటే రాత్రి రెండుకి కూడా ఫోన్ వస్తుంది.

మే నెలలో తలుపులు బిగించిన గది, పౌడర్ ఎగిరిపోతుందని ఫ్యాన్ కూడా ఆపేస్తాం. ముక్కులో పౌడర్, కంట్లో చెమట. మన చెమట చుక్క ముద్ర మీద పడకూడదని తల పక్కకి తిప్పుకుని బ్రష్ ఆడిస్తాం. బ్రష్ కాస్త గట్టిగా తగిలితే ముద్ర పోతుంది. మేం వెళ్ళేసరికి ఇంటావిడ "ఇల్లంతా దుమ్ముగా ఉందండీ" అని గుడ్డ పెట్టి తుడిచేసి ఉంటుంది, అదొక బాధ.

తమ్ముడూ, నీ కెమిస్ట్రీ బాగానే పనికొస్తుంది. కాగితం మీద ముద్రకి నిన్‌హైడ్రిన్, చెమటలో ఉండే అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు తేలుతుంది. ప్రామిసరీ నోటు మీద నెమ్మదిగా వేలు పైకి తేలడం మొదటిసారి చూసినప్పుడు టీ చల్లారిపోయింది నాకు. ప్లాస్టిక్ కవర్లకి సూపర్ గ్లూ ఆవిరి. తడిసిన వస్తువులకి పొడి పౌడర్ వేస్తే ముద్దయిపోతుంది, వాటికి స్ప్రే చేసే ద్రవం వేరే ఉంది.

అరండల్‌పేట అబ్బాయి:

చాలా థాంక్స్ సర్, థాంక్స్ మేడమ్. మొదటివాడితో జాగ్రత్త అన్నారు, ఎందుకో చెప్పలేదు సర్. అమ్మ వేళ్ళ సంగతి కూడా.

పాత భూతద్దం:

చెప్తాను. నాకు గొప్పగా లేని కథ ఇది.

ఒక ఇంట్లో దొంగతనం. కిటికీ ఊచ మీద సగం ముద్ర. మిషన్ వరసలో మొదటివాడికి మార్కులు బాగా వచ్చాయి. చూస్తే అంతకుముందే రెండు కేసులున్నవాడు, ఆ చుట్టుపక్కలే ఉండేవాడు. ఎస్ఐకి అప్పటికే వాడి మీద కన్ను. ఎనిమిది గుర్తులు (గీత ఆగిన, చీలిన చోట్లు) కలిశాయి నాకు. ఒక్క చోట మాత్రం రెండు చీలికల మధ్య రికార్డులో మూడు గీతలుంటే, ఊచ మీది ముద్రలో నాలుగున్నట్టుంది. "వేలు జారింది, నొక్కుడు తేడా" అనుకుని ముందుకెళ్ళిపోయాను. రిపోర్టు రాసి, రెండోసారి చూడమని జూనియర్ అమ్మాయికిచ్చాను. ఆమె సాయంత్రం వచ్చి, "సార్, నొక్కుడు తేడా అని ముద్ర చూశాక అనుకున్నారా, పేరు చూశాక అనుకున్నారా?" అంది.

కోపమొచ్చింది. అప్పటికి నా సర్వీసు ఆమె వయసుకి కాస్త తక్కువ, అంతే. రాత్రి ఇంటికెళ్ళి, పొద్దున్నే వచ్చి, రికార్డు మూసేసి ఒక్క ఊచ ముద్ర మాత్రం పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే. రిపోర్టు చింపేశాను. ఎస్ఐ ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆ దొంగ ఎవరో ఇప్పటికీ తేలలేదు.

మనలాంటి చిన్నవాళ్ళే కాదు. 2004లో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాక, ఒక ప్లాస్టిక్ సంచి మీది ముద్రని అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్ళు ఆరెగాన్‌లో ఒక లాయరుదని తేల్చారు. అతనూ మిషన్ ఇచ్చిన వరసలోంచి వచ్చినవాడే. ఒకరు చెప్పారు, మిగతావాళ్ళూ అవునన్నారు. రెండు వారాలు లోపల పెట్టారు. తర్వాత స్పెయిన్ పోలీసులు అది ఒక అల్జీరియా మనిషిదని చూపించారు. లోకంలో కోట్ల వేళ్ళ నుంచి దగ్గర దగ్గరగా ఉన్నవి ఏరి ఇవ్వడమే మిషన్ పని కదా, అందుకే ఆ మొదటివాడు కానివాడైనా అయినవాడిలాగే ఉంటాడు.

ఎన్ని గుర్తులు కలవాలని అడుగుతావేమో. ఇంగ్లండ్‌లో పదహారు కావాలనేవాళ్ళు, 2001లో ఆ లెక్కే ఎత్తేశారు. కలిసినవి ఎన్ని అన్నదాని కంటే, కలవని ఆ ఒక్కదానికి నువ్వేం కారణం చెప్తున్నావన్నదే చూసుకోవాలి.

ఇక మీ అమ్మగారి వేళ్ళు. గీతలు పోలేదు, పైపొర అరిగింది. పని ఆపిన కొన్ని వారాలకి మళ్ళీ అవే గీతలు, అదే వరసలో వస్తాయి. లోపలి పొరదాకా తెగితేనే శాశ్వతంగా మచ్చ పడేది. పొగాకు బేళ్ళు మోసేవాళ్ళు, సున్నం పని వాళ్ళు, అందరిదీ ఇదే కథ. షాపుకి వెళ్ళేముందు వేలికి కాస్త కొబ్బరినూనె రాసి శుభ్రంగా తుడిచి పెట్టమను.

నీకొక పని. పెన్సిల్ ములుకు గీకి మెత్తగా పొడి చెయ్యి. గాజు గ్లాసు పట్టుకుని వదిలెయ్. మెత్తటి బ్రష్‌తో ఆ పొడి ఊరికే తగిలీ తగలనట్టు ఆడించు. సెల్లోటేపుతో ఎత్తి తెల్లకాగితం మీద అతికించు. ఏం కనపడిందో రాయి.

అరండల్‌పేట అబ్బాయి:

సర్, చేశాను. మొదటి రెండూ నల్లగా అలుక్కుపోయాయి. మూడోది గ్లాసు మీద బాగా వచ్చింది గానీ టేపు వేసేసరికి ముడతపడి పోయింది. అదృష్టం, ముందే ఫొటో తీశాను. కుడి బొటనవేలు. లూప్ ఉంది (గీతలు వెళ్ళి వంగి, వచ్చిన వైపుకే తిరిగేది), ఎడమ వైపుకి తెరుచుకుంది. పద్నాలుగు గుర్తులు లెక్కపెట్టాను.

పాత భూతద్దం:

కుడిచేతి ముద్రలో లూపు మామూలుగా కుడివైపుకే తెరుచుకుంటుంది, చిటికెనవేలి వైపుకి. ఎదురు తిరిగేవి చూపుడువేలికి కనిపిస్తాయి గానీ బొటనవేలికి చాలా అరుదు. నువ్వు ఫొటో ఏ వైపు నుంచి తీశావు?

అరండల్‌పేట అబ్బాయి:

అయ్యో సర్. కిటికీ వెలుతురు అటు ఉందని గ్లాసు అవతలి వైపు నుంచి, గాజులోంచి తీశాను. ఇప్పుడు తిప్పి చూస్తే కుడికే ఉంది.

అమ్మతో కూడా గ్లాసు పట్టించాను. బొటనవేలు, చూపుడువేలు మధ్యలో తెల్లగా, ఏమీ లేవు. అంచుల్లో మాత్రం నాలుగైదు గీతలు. చిటికెనవేలు ఒక్కటే మొత్తం పడింది, నాకంటే శుభ్రంగా.

పాత భూతద్దం:

తొడిమ లాగేది ఆ రెండు వేళ్ళతోనే కదా. ఆధార్‌లో పది వేళ్ళూ ఉంటాయి. ఈ నెల రేషన్ షాపులో చిటికెనవేలు పెట్టించు.